ఒంటిపద్దు



హాస్టళ్ల మీద రెండు భాగాలు రాశాను. ఈసారి చదువులోనే ఇంకో మూలకి వెళ్దాం. అకౌంట్స్. మన ఉద్యమాల్లో ఎవరికీ పట్టని సబ్జెక్టు ఇది. మన మీటింగుల్లో పాటగాళ్లుంటారు, కవులుంటారు, లాయర్లుంటారు, ఈమధ్య పీహెచ్‌డీలు కూడా బాగానే పెరిగారు. మీటింగ్ అయిపోయాక టెంటుకి ఎంతయింది, మైకుకి ఎంతయింది, చందా ఎంత వచ్చింది అని ఒక కాయితమ్మీద రాసి అందరి ముందూ చదివేవాళ్లు మాత్రం దొరకరు. "మనలో మనకి లెక్కలేంటన్నా" అంటాం. ఆ మాట మనం పుట్టించింది కాదు. ఎవరి నోటి నుంచి మనకి వచ్చిందో కింద చెబుతాను.

ఈ భాగం రాయడానికి కారణం ఒక ఫోన్. రాయవరం మండలంలో ఒక పేట. ఊరి పేరు చెప్పను, చెబితే ఇల్లు తెలిసిపోతుంది. ఆ చెల్లి ఇంటర్ సీఈసీ చదివింది. మండపేటలో బట్టల షాపులో బిల్లు కౌంటర్ దగ్గర పని. పొద్దున్న తొమ్మిదికి వెళ్తే రాత్రి తొమ్మిది. "అన్నయ్యా, అమెరికా యూనివర్సిటీ వాళ్లదంటండి, అసోసియేట్ డిగ్రీ, అకౌంటింగ్‌లో. రెండేళ్లేనంటండి. అంతా ఫోన్లోనే. షాపు మానక్కర్లేదు. చేరిపొమ్మంటారా?" అంది. ఫీజు ఎంత అంటే నెలనెలా కట్టుకోవచ్చట. నెలకి ఎంతో చెప్పింది. మొత్తం ఎంతో ఆ అమ్మాయికి తెలియదు. యాప్ కంపెనీ తరఫున రోజూ ఫోన్ చేసే పిల్లాడు ఆ ఒక్క అంకె తప్ప అన్నీ చెప్పాడు. నాన్నగారి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ ఉంటే చాలన్నాడు.

నాన్నగారి ఆధార్ ఎందుకు? అక్కడ ఆగాలి మనం.

ముందు ఈ డిగ్రీ సంగతి. అసోసియేట్ డిగ్రీ మోసం కాదు. అమెరికాలో అది గౌరవమైన చదువే. 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో మొదటి జూనియర్ కాలేజీ పెట్టారు. నాలుగేళ్ల యూనివర్సిటీకి వెళ్లలేని పిల్లలకి ఊళ్లోనే రెండేళ్లు చదువు చెప్పి, కావాలంటే మిగిలిన రెండేళ్లకి పెద్ద యూనివర్సిటీకి పంపే పద్ధతి అది. మామూలుగా అరవై క్రెడిట్లు. కార్మికుల పిల్లలు, నల్లజాతి పిల్లలు, వలస వచ్చినవాళ్లు, పిల్లలు పుట్టాక మళ్లీ చదువుకునే తల్లులు ఎక్కువగా వెళ్లేది ఈ కమ్యూనిటీ కాలేజీలకే. అకౌంటింగ్‌లో అసోసియేట్ చేస్తే అక్కడ బుక్‌కీపర్‌గా, పేరోల్ క్లర్కుగా పని దొరుకుతుంది. సీపీఏ కావాలంటే చాలా రాష్ట్రాల్లో నూట యాభై క్రెడిట్లు అడుగుతూ వచ్చారు, అది వేరే దూరం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్4 మీద ఉన్న మన తెలుగు ఆడపిల్ల దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఇది చదివితే నేను శభాష్ అంటాను.

రాయవరంలో కూర్చుని చదివితే? మన దగ్గర గ్రూప్-2కి కావాల్సింది డిగ్రీ. సచివాలయ ఉద్యోగాల్లో చాలావాటికి కావాల్సిందీ డిగ్రీయే. ఇంటర్ మీద రెండేళ్లు చదివినది ఇక్కడ డిగ్రీ కింద లెక్కకి రాదు. పైగా గుర్తింపు లేని విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీలు చెల్లవని యూజీసీ 2023 డిసెంబర్‌లో బహిరంగంగానే హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఢిల్లీలో ఇంగ్లీషులో వచ్చింది. యాప్ ప్రకటన మాత్రం మండపేటలో తెలుగులో వచ్చింది. ఏది ముందు చేరుతుందో చెప్పక్కర్లేదు.

అకౌంటింగే ఎందుకు అమ్ముతున్నారు అనే ప్రశ్న కూడా వేసుకోండి. వైద్యం, ఇంజనీరింగ్, న్యాయశాస్త్రం ఆన్‌లైన్‌లో డిగ్రీగా నడపడానికి యూజీసీ ఒప్పుకోదు. కామర్స్‌కి, మేనేజ్‌మెంట్‌కి ఒప్పుకుంటుంది. ల్యాబ్ అక్కర్లేదు, శవం అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు, వీడియో ఉంటే చాలు. అందుకని బజారు మొత్తం అటే ఉంది.

ఇంతవరకూ చదివి "అయితే వద్దని చెప్పేసి ఉంటాడు" అనుకుంటున్నారేమో. ఆ డిగ్రీ వద్దన్నాను. అకౌంట్స్ వద్దనలేదు. దానికి కారణం చెప్పాలంటే మా తాత దగ్గరికి వెళ్లాలి.

మా తాత పాలేరు. ఏడాది జీతం ధాన్యం బస్తాల్లో మాట్లాడుకునేవారు. కామందు ఇంట్లో ఒక పొడుగు పుస్తకం ఉండేది, అందులో తాత పేరు మీద ఒక పేజీ. ఫలానా నాడు బస్తా ధాన్యం, పెద్దకూతురి పెళ్లికి ఇంత, మందులకి ఇంత, ఫలానా రోజు నాగా, ఇంకో రెండు నాగాలు, వడ్డీ. సంవత్సరం చివర పుస్తకం తీసి చదివేవారు. చదివితే తాతే బాకీ తేలేవాడు. ప్రతి ఏడూ తాతే బాకీ. ఎప్పుడైనా నోరు తెరిచి "ఎలాగండీ?" అంటే "మనలో మనకి లెక్కలేంట్రా" అనేవాడట కామందు. ఇందాక చెప్పిన మాట అదే. పుస్తకం వాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఆ మాట ఆప్యాయత. పుస్తకం మనం అడిగితే అది పొగరు.

కామర్స్ చదివినవాళ్లకి తెలుస్తుంది, తెలుగు పాఠ్యపుస్తకాల్లో సింగిల్ ఎంట్రీని 'ఒంటిపద్దు' అంటారు, డబుల్ ఎంట్రీని 'జంటపద్దు'. జర్నల్‌కి చిట్టా, లెడ్జర్‌కి ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్స్‌కి అంకణా. జంటపద్దులో ప్రతి వ్యవహారానికీ రెండు ముఖాలుంటాయి. పుచ్చుకున్నవాడి ఖాతాకి డెబిట్, ఇచ్చినవాడి ఖాతాకి క్రెడిట్. ఒకటి రాసి రెండోది రాయకపోతే అంకణా కలవదు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాత పేజీ కళ్లముందు కదిలింది. తాత పుచ్చుకున్నది ప్రతిదీ ఆ పేజీలో ఉంది. తాత ఇచ్చినది ఏదీ లేదు. దున్నిన చేలు, వేసిన గట్లు, మోసిన పనలు, కళ్లంలో కాపలా పడుకున్న రాత్రులు, నానమ్మ ఊడ్చిన పేడ, వీటికి క్రెడిట్ ఏ పేజీలోనూ లేదు. రెండో పద్దు రాసి ఉంటే ఎవరు ఎవరికి బాకీయో మొదటి సంవత్సరమే తేలిపోయేది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి ఆ బాకీలన్నీ రద్దన్నది. మంచిదే. కానీ 'రద్దు' అనే మాటలో కూడా బాకీ మనదేనన్న ఒప్పుకోలు ఉంది చూడండి.

ఊరి స్థాయిలో ఇదే పని కరణం చేశాడు. మన కోస్తాలో కరణీకం ఎక్కువగా నియోగి బ్రాహ్మణుల ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కి నడిచింది. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం దానికి చట్టబద్ధత కూడా ఇచ్చింది. స్వతంత్రం వచ్చి, రాజ్యాంగం వచ్చాక కూడా అది నడుస్తూనే ఉంది. గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలో ఒక మునసబు ఉద్యోగం మీద వచ్చిన గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు 1960 డిసెంబర్‌లో తీర్పిస్తూ, వంశాన్ని బట్టి గ్రామోద్యోగం ఇవ్వడం 16వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. ఆ తర్వాత కూడా ఇరవై మూడేళ్లు పట్టింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. ఆరోజు పేటల్లో పండగ చేసుకున్నారని మా నాన్న చెప్పేవాడు. ఎందుకు చేసుకోరు? పుల్లరి ఎవరు కట్టారు, శిస్తు ఎవరు కట్టారు, ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉంది, అదంతా ఒక ఇంట్లో ఒక పెట్టెలో ఉండేది. మనకిచ్చిన డి-పట్టా భూములు కాయితాల్లో ఒకలా, చేలో ఒకలా ఎందుకుండేవో వేరే చెప్పాలా? బదలాయింపులు చెల్లవని 1977లో చట్టం తేవాల్సి వచ్చిందంటే అప్పటికే ఎంత చేయి మారిపోయిందో ఊహించుకోండి.

మన మండలంలోని పసలపూడి తెలుగు పాఠకులందరికీ తెలుసు, వంశీగారి కథల పుణ్యాన. ఆ కథలు నేనూ చదివాను, ఆ పిండివంటల వాసనకి నాకూ ఆకలేసింది. అదే గోదావరి కాలవల పక్కన ఇంకో రకం రాత పుస్తకాలు ఉండేవి, వాటిని ఎవరూ అచ్చేయలేదు. అవి దొరికితే మన చరిత్ర సగం రాసుకోవచ్చు.

ఇది మన ఒక్కళ్ల కథ కూడా కాదు. అమెరికాలో పత్తి తోటల యజమానుల కోసం థామస్ అఫ్లెక్ అనే అతను 1840ల్లో అచ్చు రికార్డు పుస్తకాలు అమ్మాడు. రోజూ ఏ బానిస ఎన్ని పౌన్ల పత్తి ఏరాడో రాసుకోవడానికి గళ్లు. సంవత్సరం మొదట్లో ఒక్కొక్కరి విలువ ఎంత, చివర్లో ఎంత, పెరిగిందా తరిగిందా రాసుకోవడానికి ఇంకో పేజీ. మనుషుల మీద తరుగుదల! మనం ఇప్పుడు బీకామ్‌లో యంత్రాల మీద వేసే లెక్క. కైట్లిన్ రోసెంతాల్ అనే చరిత్రకారిణి 2018లో వచ్చిన పుస్తకంలో ఈ బానిసల లెడ్జర్లన్నీ వెలికితీసి చూపించింది. అకౌంటింగ్ శుభ్రమైన విద్య అనుకునేవాళ్లు ఒకసారి చదవాలి.

అందుకే అకౌంట్స్ నేర్చుకోవడం మనకి గుమస్తా ఉద్యోగం విషయం మాత్రమే కాదని నా వాదన. బాబాసాహెబ్ దీన్ని మనకన్నా ముందే పట్టుకున్నారు. ఆయన్ని మనం లాయరుగా, రాజ్యాంగ నిర్మాతగా విగ్రహాలు పెట్టాం, చేతిలో రాజ్యాంగం పెట్టాం. ఆయన చదివిందేమిటి? 1915లో కొలంబియాలో ఎంఏకి రాసింది ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద. తర్వాత రాసింది రూపాయి సమస్య మీద, రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామం మీద. అంటే తెల్లవాడి ఖాతా పుస్తకాలు తెరిచి పద్దు పద్దూ చదివాడు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరితే, స్టాఫ్‌రూమ్ మంచినీళ్ల కూజా ముట్టుకోవద్దన్నారు తోటి ప్రొఫెసర్లు. పెట్టుబడుల సలహాల వ్యాపారం పెట్టుకుంటే, ఆయన కులం తెలిసి వచ్చేవాళ్లు రావడం మానేశారు. ఇవి చాలామందికి తెలుసు. తక్కువమందికి తెలిసింది ఇంకోటుంది. 1925 జూన్ నుంచి 1928 మార్చి దాకా ఆయన బొంబాయిలో బాట్లీబాయ్ అకౌంటెన్సీ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పార్ట్‌టైమ్ లెక్చరర్. అకౌంటెన్సీ పిల్లలకి వాణిజ్య చట్టం పాఠం చెప్పారు. తేదీలు మళ్లీ చూడండి. మహద్ చెరువు సత్యాగ్రహం 1927 మార్చి. మనుస్మృతి తగలబెట్టింది 1927 డిసెంబర్. ఆ రెంటి మధ్యా ఆయన అకౌంట్స్ పిల్లలకి కాంట్రాక్టు చట్టం చెబుతూ ఇల్లు గడుపుకున్నాడు. ఉద్యమం చేసేవాడికి లెక్కలెందుకు అనే తమ్ముళ్లకి ఇది నా జవాబు.

ఇప్పుడు ఒక జిల్లాకి ఆయన పేరుంది. ఆ పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అయినా పేరు నిలబడింది. మనం నిలబెట్టుకున్నాం. కానీ ఆయన పేరున్న ఓపెన్ యూనివర్సిటీ మన చేతిలోంచి జారిపోయింది, దాని గురించి ఒక్క ధర్నా జరగలేదు. 1982లో హైదరాబాద్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అది. మన పేటల్లో మొదటి గ్రాడ్యుయేట్ ఎవరని అడగండి. ఆర్టీసీ కండక్టరు, అంగన్‌వాడీ టీచరు, ఆసుపత్రిలో అటెండరు, వీళ్లలో చాలామంది ఆదివారం క్లాసులకి వెళ్లి డిగ్రీ తెచ్చుకున్నవాళ్లే. పుస్తకాలు తెలుగులో ఉండేవి. ఆవర్జా, అంకణా అనే మాటలు ఆ పుస్తకాల్లో చూసే నేర్చుకున్నారు. రాష్ట్రం విడిపోయాక పదేళ్లు ఉమ్మడిగా నడిచి, 2024లో గడువు అయిపోగానే ఆంధ్ర పిల్లలకి కొత్త అడ్మిషన్లు ఆగిపోయాయి. ఆ ఖాళీలోకే ఈ యాప్‌లు వచ్చాయి. ఖాళీ అనేది ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

ఆ చెల్లికి నేను చెప్పినవి ఇవి. ఇక్కడ అందరికీ పనికొస్తాయని రాస్తున్నాను. ఒకటి, ఇగ్నో. 1985లో పెట్టిన కేంద్ర యూనివర్సిటీ. బీకామ్ కనీసం మూడేళ్లు, కుదరకపోతే ఆరేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. ఎస్సీ ఎస్టీలకి కొన్ని కోర్సుల్లో ఫీజు మినహాయింపు ఇస్తూ వచ్చారు, ప్రతి అడ్మిషన్ సీజన్‌కీ ఏ కోర్సులకి ఉందో ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి. యాప్ పిల్లాడు ఈ సంగతి చెప్పడు కాబట్టి నేను చెబుతున్నాను. ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్య కూడా ఉంది, 1972 నుంచి. ఏ యూనివర్సిటీ అయినా సరే, యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకి అనుమతి ఉందో లేదో చూడాలి. యూనివర్సిటీకి అనుమతి ఉండి కోర్సుకి లేకపోవచ్చు. 2024 నుంచి చేరే ముందు విద్యార్థి తనే అక్కడ డెబ్-ఐడీ తీసుకోవాలి. ఆ ఐడీ ఊసెత్తకుండా డబ్బులు అడిగారంటే లేచి వచ్చేయండి. గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ, ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో మళ్లీ స్పష్టంగా చెప్పింది. ఎవడైనా తక్కువ చేసి మాట్లాడితే ఆ కాయితం చూపించండి.

రెండేళ్లకే ఏదో ఒకటి చేతికి రావాలంటే, మన దగ్గర కూడా 2020 జాతీయ విద్యావిధానంలో ఆ ఏర్పాటు పెట్టారు. ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా, మూడేళ్లకి డిగ్రీ. కాయితమ్మీద చూస్తే అమెరికా అసోసియేట్‌కి మన తమ్ముడు ఇది. నాకు దీనిమీద అనుమానం ఎక్కువ. మధ్యలో బయటికి వెళ్లే గుమ్మం ఎవరి కోసం పెడతారు? ఫీజు కట్టలేనివాడికి, పెళ్లి కుదిరిన ఆడపిల్లకి, తండ్రి మంచాన పడితే బట్టీకో కోతకో వెళ్లాల్సినవాడికి. ఒకప్పుడు వాళ్లని 'డ్రాపవుట్' అనేవారు, ఆ మాటలో కనీసం ప్రభుత్వం తప్పు కనపడేది. ఇప్పుడు 'ఎగ్జిట్ ఆప్షన్' అంటారు, వాడే ఎంచుకున్నట్టు. చేరండి, కానీ ఆ గుమ్మం వైపు చూడకండి. క్రెడిట్లు దాచిపెట్టే అకడమిక్ బ్యాంకు ఉంది, ఆగినా తిరిగి రావచ్చు అంటారు. తిరిగి వచ్చినవాళ్ల లెక్క ఎవరైనా చూపించినరోజు నమ్ముదాం.

ఇప్పుడు నాన్నగారి ఆధార్ దగ్గరికి. నెలనెలా కట్టే ఫీజు అని వాళ్లు అన్నది ఫీజు కాదు, అప్పు. ఈ బజారులో ఒక ఫైనాన్స్ కంపెనీ యాప్ కంపెనీకి మొత్తం డబ్బు ఒకేసారి ఇచ్చేస్తుంది. నెలనెలా తండ్రి కడతాడు. పిల్ల మూడో నెలలో మానేసినా అప్పు మానదు. తండ్రి చేసే సంతకం మీద వడ్డీ ఎంత, ఆలస్యమైతే జరిమానా ఎంత, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు, ఇవన్నీ ఆ ఫోన్ తెరమీద చిన్న అక్షరాల్లో ఉంటాయి. వేలిముద్ర పోయి ఓటీపీ వచ్చింది, అంతే. మొత్తం ఎంత కట్టాలో లెక్కగట్టమన్నాను. ఆ చెల్లి బిల్లు కౌంటర్‌లో పనిచేసే మనిషి, పది నిమిషాల్లో తేల్చేసింది. తేల్చి, కాసేపు మాట్లాడలేదు.

ప్రభుత్వం వాటా సంగతి కూడా అడగాలి. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉండగా బాబాసాహెబ్ ఎస్సీల ఇబ్బందుల మీద వినతిపత్రం ఇచ్చి స్కాలర్‌షిప్పులు అడిగారు. 1944 నుంచి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. 2010లో సవరించిన కేంద్ర నిబంధనల్లో కరస్పాండెన్స్ కోర్సులు చదివేవాళ్లకి కూడా ఫీజు తిరిగివ్వడం, పుస్తకాలకి ఏడాదికి 1200 రూపాయలు ఇవ్వడం రాసి ఉండేది. మన రాష్ట్ర ఫీజు పథకం వచ్చేసరికి దూరవిద్యవాళ్లని గుమ్మం బయటే నిలబెట్టింది. కాలేజీకి వెళ్లగలిగినవాడికి ఫీజు, షాపులో పన్నెండు గంటలు నిలబడి రాత్రి చదువుకునేదానికి లేదు. కష్టం ఎవరిది ఎక్కువో చెప్పండి. ఈ ఒక్క డిమాండ్ మీద విద్యార్థి సంఘాలు ఎందుకు కలవవో నాకు అర్థం కాదు. దూరవిద్య విద్యార్థి కాంపస్‌లో ఉండడు, ఊరేగింపుకి రాడు, ఓటు వేయడు. బహుశా అందుకే.

"ఆన్‌లైన్‌లో కులం ఉండదు కదన్నా" అని ఒక తమ్ముడు అన్నాడు. నిజమే, స్టాఫ్‌రూమ్ కూజా లేదు. వెనక బెంచీ లేదు. రోహిత్ వేముల చనిపోయిన తర్వాత మన తల్లిదండ్రులు పిల్లల్ని పెద్ద కాంపస్‌లకి పంపాలంటే భయపడుతున్నారు, ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ కాంపస్‌లో కులం ఎంత ఉందో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ కూడా అంత ఉంది. ఫోన్లో అది లేదు. పైగా డిగ్రీ వచ్చేదాకా కనపడని కులం, వచ్చాక కనపడుతుంది.

దీనికి అకౌంటింగ్ చరిత్రలోనే ఒక మనిషి ఉన్నాడు. జాన్ క్రామ్‌వెల్ జూనియర్. అమెరికాలో మొదటి నల్లజాతి సీపీఏ. వాషింగ్టన్‌వాడు. చదువుంది, తెలివుంది. కానీ సీపీఏ లైసెన్సు కావాలంటే అప్పటికే సీపీఏ అయినవాడి దగ్గర పనిచేసిన అనుభవం ఉండాలి. ఉన్న సీపీఏలందరూ తెల్లవాళ్లు. వాళ్లు నల్లవాణ్ణి పనిలో పెట్టుకోరు. చివరికి అనుభవం అడగని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం వెతుక్కుని వెళ్లి అక్కడ పరీక్ష రాశాడు. 1921. మొదటి నల్లజాతి స్త్రీ, షికాగోలో మేరీ వాషింగ్టన్, సీపీఏ అవ్వడానికి ఇంకో ఇరవై రెండేళ్లు పట్టింది. పరీక్ష దాటడం ఒక ఎత్తు, ఆ పరీక్షకి ముందు ఎవడి ఆఫీసులోనో కుర్చీ సంపాదించడం ఒక ఎత్తు.

మన దగ్గర ఆ కుర్చీ పేరు ఆర్టికల్‌షిప్. బీకామ్‌లో 55 శాతం తెచ్చుకుంటే సీఏ ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. ఇది మన పిల్లల్లో చాలామందికి తెలియదు. తర్వాత ఒక సీఏ దగ్గర ఆర్టికల్‌షిప్, 2023లో మార్చిన పద్ధతిలో అది మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గింది. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఎవరి దగ్గర? "మా బావమరిది ఫ్రెండు ఆడిటరు" అనే వాక్యం మన ఇళ్లలో వినపడదు కదా. అందుకని ఇప్పటికే సీఏ, సీఎంఏ అయిన మన అన్నలకీ అక్కలకీ ఒక మాట. మీరున్నారు, కొద్దిమందైనా ఉన్నారు, ఇంటిపేరు మార్చుకుని ఉన్నవాళ్లు కూడా ఉన్నారు, అది మీ ఇష్టం, తప్పు పట్టను. సంవత్సరానికి ఒక్క కుర్చీ మన పేట పిల్లకి ఇవ్వండి. కులం చెప్పక్కర్లేదు. కుర్చీ ఇస్తే చాలు.

సీఏ దాకా అందరూ వెళ్లరు. వెళ్లక్కర్లేదు. 2017లో జీఎస్టీ వచ్చాక మండపేట రైస్‌మిల్లు, అనపర్తి కోళ్ల వ్యాపారం, కాలవ గట్టున ఇటుక బట్టీ, అందరికీ నెలనెలా లెక్క రాసేవాళ్లు కావాలి. పదకొండో తేదీకి జీఎస్టీఆర్-1, ఇరవయ్యో తేదీకి 3బీ. ట్యాలీలో పద్దులు వేయడం మూడు నెలల్లో వస్తుంది, ఇన్‌పుట్ క్రెడిట్ ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి ఏడాది పడుతుంది. బట్టీలో ఇటుకలు మోసిన చేతుల పిల్ల అదే బట్టీ లెక్కలు చూస్తే నాకు సంతోషమే. పది పన్నెండు వేలకి రాత్రి ఎనిమిది దాకా కూర్చోబెడితే సంతోషం కాదు. రాసే లెక్కలన్నీ సరైనవి కూడా కావు. రెండు పుస్తకాలు రాయమంటారు, కూలీల మస్టర్‌లో కాకిలెక్కలు వేయమంటారు. మన పిల్ల వేసిన పద్దు మన వాళ్ల పీఎఫ్ ఎగ్గొట్టడానికి పనికొస్తే? దీని మీద నా దగ్గర సులువైన జవాబు లేదు. ఉద్యోగం మానెయ్యమని ఫేస్‌బుక్‌లో కూర్చుని చెప్పడం సులువు.

చదువు మాత్రం ఒంటరిగా ఫోన్లో సాగదు. సాగదని కోవిడ్ రెండేళ్లలో చూశాం. నలుగురు కలవాలి. ఆదివారం సాయంత్రం అంబేద్కర్ కమ్యూనిటీ హాలు ఖాళీగానే ఉంటుంది, అందులో పేకాట కన్నా పద్దులు నయం. అభ్యాసానికి పుస్తకంలోని 'రాము అండ్ కో' లెక్కలు అక్కర్లేదు. పేటలోనే పుస్తకాలున్నాయి. డ్వాక్రా సంఘం తీర్మానాల పుస్తకం, పొదుపు ఖాతా, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చి మూడూ కలిపి చూడండి. పదిమంది ఆడవాళ్లు పదేళ్లుగా సంతకం పెడుతున్నారు, మొత్తం ఎంత పొదుపు ఉందో ఒక్కరికీ చెప్పలేని సంఘాలు నేను చూశాను. చర్చి కానుకల లెక్క కూడా అడగండి. పాస్టరుగారికి కోపం వస్తే నా పేరు చెప్పండి. అంబేద్కర్ జయంతి చందాల లెక్క అడగండి, మన నాయకులకి కోపం వస్తే అప్పుడూ నా పేరే చెప్పండి.

అది చేతికొచ్చాక పంచాయతీకి వెళ్లొచ్చు. 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టర్ రోల్ పేటలో గట్టిగా చదివితే, చనిపోయినవాళ్లు, దుబాయ్‌లో ఉన్నవాళ్లు చెరువులో మట్టి తవ్వినట్టు బయటపడింది. ఆ తనిఖీల్లో పనిచేసినవాళ్లు ఎక్కువగా ఊళ్లోని చదువుకున్న పిల్లలే, సీఏలు కాదు. కామందు పుస్తకం గట్టిగా చదవమని మా తాత అడగలేకపోయాడు. సర్కారు పుస్తకాన్ని ఆ పిల్లలు చదివించారు.

వచ్చే భాగం ఎస్సీ సబ్‌ప్లాన్ మీద. 2013 చట్టం, 2023లో ఇంకో పదేళ్లకి పొడిగించింది. జనాభా దామాషాలో మనకి కేటాయించామని బడ్జెట్‌లో చూపిస్తున్న డబ్బు ఏ పద్దుల కింద రాస్తున్నారు, అందరికీ వెళ్లే పథకాల్లో మన తలకాయలు లెక్కబెట్టి మన ఖాతాలో ఎలా వేస్తున్నారు అనేది బడ్జెట్ పుస్తకంలోంచే చూద్దాం. బీకామ్, ఎంకామ్ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఆ పుస్తకాలు నాతో కూర్చుని చదవడానికి వస్తే మెసేజ్ పెట్టండి. రాయవరం, మండపేట, రామచంద్రపురం చుట్టుపక్కల వాళ్లయితే ఆదివారం కలుద్దాం, టీ ఖర్చు నాది, రాసుకునేది మీరు.

జై భీమ్.